ఇరవైకి పద్దెనిమిది

మూగమ్మ, పంతొమ్మిదేళ్ళు. ఏం అడిగినా ముందు పెన్నుకి మూత పెట్టి, అప్పుడు లేచి నిలబడేది. నిలబడి ఊరుకునేది. ఆ పేరు నేను పెట్టింది కాదు మేడం, క్లాసు పెట్టింది. నేను వద్దనలేదు, అంతే.

మీ విచారణ కాగితాల్లో ఆ కంప్యూటర్ కోర్టుదే తప్పన్నట్టు రాసుకుంటున్నారు. కొట్టేయండి ఆ ముక్క. లా చదివే పిల్లలు కోర్టు గడప తొక్కకుండానే పాసైపోతుంటే, నేనే పట్టుబట్టి తెప్పించాను. తెర మీద కోర్టు హాలు, తలా ఒక బొమ్మ. పిల్లలు ల్యాబ్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటారు, వాళ్ళ గొంతుతో బొమ్మలు వాదిస్తాయి. మొదటి వారమంతా కోతి చేష్టలే. జడ్జి బొమ్మకి రెక్కలు తగిలించారు. ప్లీడరు బొమ్మ బల్లలోంచి నడుచుకుంటూ పోయింది. మా హెచ్ఓడీ గారు చూసి "భలే ఉందమ్మా" అని నవ్వారు. నవ్వరా మరి, రిబ్బను కత్తిరించింది ఆయనే.

నేను పెట్టిన నియమం ఒక్కటే. కేసు కల్పించి చెప్పాలి. నిజం మనుషులు, నిజం చోట్లు రాకూడదు. వస్తే రెండు మార్కులు కోత.

మూగమ్మ వంతు వచ్చింది. బొమ్మల్లోంచి ముసలాయన్ని ఎంచుకుంది. మీసాలు, చేతికర్ర. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ ముసలాయన బోనెక్కాడు. ఆడపిల్ల గొంతుతో అరగంట మాట్లాడాడు. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందో ఆ గొంతు.

ఒక కాలేజీ. ఒక పెద్ద సారు. హాజరు తగ్గిందని సంతకం కోసం ఆయన గదికి వెళ్ళిన అమ్మాయి. తలుపుకి గడియ. పేరు చెప్పలేదు, నియమం కదా. బల్ల మీద పరిచిన అద్దం ఓ మూల పగిలి ఉందంది. అద్దం కింద సారు కూతురి స్కూలు ఫోటో ఉందంది. పగులు మీద అంటించిన టేపు పసుపుపచ్చగా మారిందంది.

నవ్వులు ఆగిపోయాయి. అవతలి ప్లీడరు బొమ్మ "ప్రశ్నలు లేవు" అని కూర్చుండిపోయింది.

నేనా? గంట కొట్టారు. అందర్నీ లాగౌట్ అవ్వమన్నాను.

రికార్డింగ్ లేదు. సెమిస్టర్ అయ్యాక చెరిపేస్తాం. అందుకేగా హెచ్ఓడీ గారికి ధైర్యం. అది పిల్లలు క్లాసులో అల్లిన కథ, వాళ్ళ టీచరే కల్పించి చెప్పమంది అంటున్నారట. చెప్పమన్నాను. అబద్ధమేం కాదు.

కానీ ఆ టేపు అంటించింది నేనే మేడం. ఎప్పుడో. ఫైళ్ళు తీసేటప్పుడు ఆయన చెయ్యి కోసుకుంటుందేమోనని.

మార్కుల పట్టీ మీ చేతిలోనే ఉంది. ఇరవైకి పద్దెనిమిది. భాష బాగుంది, వాదన బాగుంది, ఎక్కడా తడబాటు లేదు అని పక్కన రాసింది నేనే. మరి ఆ రెండూ ఎందుకు పోయాయంటారా?

కల్పించింది కాదు కదా. కోసేశాను.

మార్కులు చూసుకుని ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చింది. పెన్నుకి మూత పెట్టింది. "రెండెందుకు పోయాయి మేడం?" అంది. నన్ను తను అడిగిన మొదటి ప్రశ్న అది. "నీకు తెలుసు కదమ్మా" అన్నాను.

నిలబడింది. ఊరుకుంది.

మీకు ఫిర్యాదు రాసింది ఆర్నెల్ల తర్వాత. నన్నలా అడిగిన మర్నాడే మాత్రం టీసీ తీసుకుని వెళ్ళిపోయింది. దాని మీద సంతకం కూడా నాదే.