ఓగోలా గారికి బదులు పలకని గొంతు

సభాధ్యక్షులు ఒలాండో గారికి, మత్స్యకారుల సంఘం పెద్దలకు, వలలు పక్కన పెట్టి వచ్చిన తమ్ముళ్ళకు, చేపల బేరం ఆపుకుని వచ్చిన చెల్లెళ్ళకు నమస్కారం.

అధ్యక్షుల వారు నన్ను ఎంబీటా రేవుకే గొంతు అన్నారు. ఇంతగా పొగుడుతుంటే ఇది నా పదవీ విరమణో సంతాపసభో తెలియడం లేదు. (నవ్వులు) సరస్సు మీద గాలి ఎలా ఉందో కనుక్కుని, పొద్దున్నే పడవ పడవకూ ఫోన్ చేసి, వెళ్ళమనో ఆగమనో చెప్పడమే ఇన్నేళ్ళూ నా ఉద్యోగం. నిజానికి గాలి మాట చివర్న వచ్చేది. తెల్లారిందా అని అడగాలి, ఇంట్లో సంగతి అడగాలి, వాళ్ళు మనింటి సంగతి అడగాలి, అదంతా అయ్యాకే పని. ఫోన్ బిల్లులో సగం జనం ఆవుల యోగక్షేమాలకే పోతోందని కోశాధికారి గారు ఎంత సణిగేవారో! అదిగో, తల దించుకున్నారు. (నవ్వులు)

ఈ ఏడాది మా అక్క కొడుకు వసొంగా వచ్చాడు. వాతావరణ కేంద్రం వెబ్‌సైట్‌కు ఏపీఐ అని ఒక ద్వారం ఉందట. అందులోంచి గాలి వివరం తీసుకుని ఫోన్ కంపెనీ ఏపీఐకి అందిస్తే ఫోన్లు వాటంతటవే మోగుతాయట. రెంటినీ కలిపే రెడీమేడ్ సాధనాలకు మన సరస్సు గాలి అంతుపట్టక, మధ్యలో తనే కోడ్ రాసి అతికించాడు. బంగారం లాంటి పని, కాదనను. ఈ వానల్లో ఒక్క పడవా మునగలేదు. "పిన్నీ, నీ గొంతైతేనే జనం నమ్ముతారు" అన్నాడు. మురిసిపోయి, పలకరింపుతో సహా రికార్డు చేసి ఇచ్చాను.

పోయిన నెల తకవిరి లంకలో ఓగోలా పెద్దాయనకు ఆ ఫోన్ వెళ్ళింది. తెల్లారిందా, ఇంట్లో అందరూ బాగేనా అని నా గొంతు అడిగింది.

"బాగాలేం చెల్లీ. అవినో పోయింది" అన్నాడాయన.

గాలి నెమ్మదిగా ఉంది, పడవ తీయవచ్చు అంది నా గొంతు.

అవినో ఆయన భార్య. ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని మరీ నాతో మాట్లాడేది, నా మోకాలి నొప్పికి ఆకులు పంపేది. మనలో చావుకు వెళ్ళకపోవడం ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. "ఉయోమా ఆడపడుచుకు చెప్పాను, వస్తుంది" అని, నా పుట్టినూరి పేరుతో నన్నే తలచుకుని, ఆయన ఖననం ఒక పూట ఆపించాడట. నేనేమో ఇక్కడ టీ తాగుతూ, ఫోన్లు వాటంతటవే మోగుతున్నాయని సంబరపడుతున్నాను. మొన్న ఆ లంక చేపలమ్మాయి నన్ను చూసి మొహం తిప్పుకుంటే, ఆపి అడిగాక తెలిసింది. పిలిచినా ఆయన ఈ సభకు రాలేదు.

విని వసొంగా ఏడ్చినంత పని చేశాడు. అవతలివాళ్ళ మాట కూడా రికార్డయి నాకు చేరేలా ఇంకాస్త కోడ్ రాస్తానన్నాడు. రాయి నాయనా, నీమీద కోపం లేదు. కానీ ముందు నా గొంతు తీసెయ్. ముక్కూమొహం తెలియని వాళ్ళ గొంతు ఏదైనా పెట్టు. దానితో ఎవరూ కష్టం చెప్పుకోరు.

మీ అభిమానానికి, మీరిచ్చిన మేకకు కృతజ్ఞతలు. మొక్కజొన్న ఉగాలి ముద్ద, చేపల కూర వడ్డిస్తున్నారు, నాకోసం చూడకుండా తినండి. మేకను పడవెక్కించుకుని నేను తకవిరి వెళుతున్నాను. ఖననానికి అందలేదు. కనీసం వాకిట్లో కూర్చుని ఏడవనిస్తారేమో ఆయన్ని అడుగుతాను. సెలవు.