గట్టు మీద నలుగురి మాట

గోదావరికి వరద. ధవళేశ్వరంలో, రిటైరైన ఇంజనీరు శివరామకృష్ణ ఇంటి వరండా. ఎదురు కుర్చీలో, వరద ముప్పు లెక్కగట్టే శ్రీదివ్య.

“అయితే నా డెబ్బైనీ, వాళ్ళ పదుల్నీ కలిపేశావా?”

“కలపాలండి. ఏటిగట్టు తెగడం ఒక్కదాని మీద లేదు కదండీ. నీరెంత, మట్టి ఎంత నానింది, పాత గండ్లు ఎలా పూడ్చారు... ఒకటి మారితే ఇంకోటి మారుతుంది. కంప్యూటర్లో అదంతా వలలా అల్లాం. కొలతలు లేనిచోట నూటికి ఎంత ముప్పని మీ నలుగురు ఇంజనీర్లనీ అడిగాం.”

“పులుసూ పాయసం ఒకే గిన్నెలో పోశారన్నమాట.”

“సగటు ఇరవై అయిదు వచ్చిందండి. ముప్పై దాటితేనే అవతలి ఒడ్డున గట్టు కింది ఊరు ఖాళీ చేయిస్తారు.”

“మరి? ఆ ముగ్గురిలో ఒక్కడైనా గట్టెక్కాడా? బురద అంటుతుందని కారు దిగరు. వాళ్ళ పది చూసి నవ్వొచ్చింది నాకు. డెబ్బై అన్నాను.”

“మాకూ అనుమానమొచ్చి అడిగామండి. ముగ్గురూ చదివింది ఒకే పాత రిపోర్టు. నోళ్ళు మూడు, మాట ఒకటి.”

“కాపీరాయుళ్ళు.”

“అందుకని ముగ్గురినీ ఒక్కరి కిందే లెక్కేశాను. వాళ్ళొకరు, మీరొకరు. నలభై వచ్చింది.”

“ఇన్నాళ్ళకి ఒక్కరికి బుద్ధొచ్చింది. ఖాళీ చేయించారా?”

“పొద్దుటి నుంచీ అదే పని. పిల్లల్నీ ముసలివాళ్ళనీ గేదెల్నీ కొవ్వూరు తరలించారండి. ఒక్కావిడ మాత్రం రానని తలుపేసుకున్నారు. నీళ్ళు గట్టు అంచుకొచ్చేశాయి.”

“ప్రతి ఊళ్ళో ఉంటుంది ఒక మొద్దు. ఎవరావిడ?”

“మీ సుబ్బాయమ్మ అక్కగారండి.”

“అక్కా? అక్క... ఎందుకు రానంటోంది?”

“నిన్న తమ్ముడు ఫోన్ చేశాడట. గట్టు రాయిలా ఉంది, ఆ కంప్యూటర్ సన్నాసుల మాట విని ఇల్లు వదలొద్దన్నాడట.”

“అది... అది వేరే.”

“ఏది వేరండి? మాకు చెప్పిందా, ఆవిడకి చెప్పిందా?”

“ఆ ముగ్గురూ పదన్నారు గనక...”

“వాళ్ళు డెబ్బై అనుంటే మీరు పదనేవారా?”

“నువ్వు వెళ్ళమ్మా.”

“వెళ్తానండి. ఇదిగోండి ఫోను, అక్కగారు లైన్లో ఉన్నారు. ఉండాలో వెళ్ళాలో మీరు చెబితేనే వింటారట.”