చెల్లెలి పెరట్లో దీపాలు

ఎండ తగ్గాక, చెల్లెలి పెరట్లో అక్క మోకాళ్ల మీద కూర్చుని దారి పొడవునా సోలార్ దీపాలు గుచ్చుతోంది.

"వైర్లక్కర్లేదు, ఎలక్ట్రీషియనక్కర్లేదు. చీకటి పడితే వాటంతటవే వెలుగుతాయి."

"నువ్వుండబట్టి చవగ్గా తేలిపోయిందక్కా."

"చెట్టుకి చుట్టిన లైట్ల దండకి మాత్రం టైమర్ పెట్టాలి. ఆదివారం భోజనాలు ఎన్నింటికి?"

"ఏడింటికి."

"ఎవరొస్తున్నారే, ఇంత హడావుడి?"

"మావారి ఆఫీసు వాళ్లు."

"మరి నన్ను రమ్మనలేదేం?"

చెల్లెలు తల దించుకుంది.

"బావ వస్తున్నాడక్కా. కొత్తగా పెళ్లయింది కదా, ఇద్దర్నీ భోజనానికి పిలుద్దామని మావారే..."

అక్క చెయ్యి ఆగిపోయింది. ఆ మనిషితో తనకి విడాకులైన రోజు కోర్టు గుమ్మం దాకా తన చెయ్యి వదలకుండా వచ్చింది ఈ చెల్లెలే.

"ఇంకా బావేనా?"

"నోరు జారిందక్కా. ఇద్దరిదీ ఒకే ఆఫీసాయె, మావారిని కాదనలేకపోయాను."

"పిలుచుకోవే, మీ ఇల్లు మీ ఇష్టం. ఆ అమ్మాయి నడిచొచ్చే దారికి నాచేత దీపాలు పెట్టించడానికి నీకు మనసెలా ఒప్పింది?"

"ఇంత బాగా ఇంకెవరు పెడతారని... పోనీ, మానేయమంటే మానేస్తాను."

"ఆ మాట నన్ను పనికి పిలవక ముందు అడగాల్సింది."

మిగిలిన దీపం చెల్లెలి చేతిలో పెట్టి, మట్టిచేతులైనా కడుక్కోకుండా అక్క వెళ్లిపోయింది.