వాన్ వీ సంతకాన్ని తుడిచేసిన సంగతి

నా పేరు డెల్ఫైన్ ఓస్టర్‌హౌట్. వయసు అరవై మూడు. కీర్తిశేషుడు ఒర్రిన్ ఓస్టర్‌హౌట్ భార్యను. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డునున్న సాగర్టీస్‌లో నివాసం. పాత తైలవర్ణ చిత్రాలను శుభ్రం చేయడం, అవి ఏ కాలానివో, ఎవరు వేసినవో పరీక్షించి చెప్పడం నా వృత్తి. నా భర్త వృత్తీ అదే. నాకు పని నేర్పింది ఆయనే. లాయరు వద్దన్నా, నా అంతట నేనే వచ్చి డిటెక్టివ్ మొరేన్ గారి ఎదుట ఈ మాటలు చెబుతున్నాను.

ఫిర్యాదు చేసిన ప్రెస్టన్ హాలెన్‌బెక్ చిత్రాల వ్యాపారి. మా ఊరివాడే. పద్దెనిమిదేళ్ల క్రితం అతను మా ఇంటికి ఒక ప్రకృతి చిత్రం తెచ్చాడు. క్యాట్‌స్కిల్ కొండల మధ్య లోయ, ఆకులు ఎర్రబడిన మేపుల్ చెట్లు, అడుగున వాగు. కుడి మూల గిడియన్ వాన్ వీ అని సంతకం. వాన్ వీ ఈ కొండలను వేసిన మొదటి తరం చిత్రకారుల్లో పేరున్నవాడు. 1851లో చనిపోయాడు. ఇది ఆయన వేసిందేనని ఒర్రిన్ రాసిస్తే చాలు, పెద్ద మ్యూజియాలు ఎగబడి కొంటాయని హాలెన్‌బెక్ అన్నాడు.

ఒర్రిన్ దాన్ని చాలా రోజులు చూశాడు. ఒక మధ్యాహ్నం నన్ను కేకేశాడు. "డెల్, ఇటు రా. ఈ సంతకం చూడు, ఏం కనిపిస్తోంది?" అన్నాడు. భూతద్దం పెట్టి చూశాను. చిత్రమంతా వయసుకు సన్నగా బీటలు వారింది. సంతకం బీట వారలేదు. పైగా దాని నల్ల రంగు ఆ బీటల్లోకి దిగి ఉంది. అంటే చిత్రం ఎండి, ముసలిదై, పగిలాక ఎవరో ఆ పేరు రాశారు. వాగు పక్క నాచుకు వాడిన పచ్చ రంగు 1859 తర్వాత గానీ అమ్మకానికి రాలేదు. చచ్చిపోయినవాడు ఆ రంగు ఎలా కొంటాడు? చిత్రం పాతదే, మంచిదే. వేసిన చెయ్యి మాత్రం వేరు. ఒర్రిన్ ఆ మాటే చెప్పాడు.

హాలెన్‌బెక్ చిత్రం తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత నుంచి, అనుకూలంగా రాయడానికి ఒర్రిన్ లంచం అడిగాడని, తాను ఇవ్వనందుకు అడ్డం తిరిగాడని మ్యూజియం వాళ్లందరితో చెప్పుకొచ్చాడు. కాగితం మీద ఎక్కడా పెట్టలేదు. విందుల్లో, గ్లాసు చేతిలో పట్టుకుని, జాలిపడుతున్నట్టు చెప్పేవాడు. పని ఆగిపోయింది. వచ్చిన చిత్రాలను కూడా మనుషుల్ని పంపి తిరిగి తీసుకుపోయారు. రెండు వందల ఏళ్ల నాటి రంగులను వేలి కొసతో గుర్తుపట్టే మనిషి చివరికి వేసవి అతిథుల ఇళ్ల కిటికీ తలుపులకు రంగు వేశాడు. ముదురు పచ్చ. ఎప్పుడూ ముదురు పచ్చే. నాలుగో ఏట నిచ్చెన మీద ఉండగా గుండె ఆగింది.

అంత్యక్రియలకు మా వృత్తివాళ్లు ఎవరూ రాలేదు. హాలెన్‌బెక్ పూలచక్రం పంపాడు, దుకాణం పేరున్న చీటీతో సహా. దాన్ని నేను పారెయ్యలేదు. ముందు గుమ్మానికి తగిలించి, మంచు పడి కుళ్లి రాలిపోయేదాకా ఉంచాను. దాటినప్పుడల్లా చూసేదాన్ని.

తర్వాత నేను ఒంటరిగా పని మొదలుపెట్టాను. మెల్లగా పేరొచ్చింది. ఈ సంవత్సరం మా ఊరి చిన్న మ్యూజియం ఒక వాన్ వీ చిత్రం కొనబోతున్నామని, పరీక్షించమని నన్ను పిలిచింది. గుడ్డ తొలగించగానే గుర్తుపట్టాను. అదే లోయ, అదే వాగు. హాలెన్‌బెక్ దాన్ని ఇన్నాళ్లూ దాచి, ఒర్రిన్‌ను జనం మర్చిపోయాక బయటికి తీశాడు. అతనూ అక్కడే ఉన్నాడు. నేనెవరో అతనికి తెలుసు. నన్ను చూసి నవ్వాడు. "పాత గొడవలు ఇంకా ఎందుకమ్మా డెల్ఫైన్? ఒర్రిన్ మంచోడే. కాస్త మొండోడు, అంతే. నువ్వు తెలివైనదానివి" అన్నాడు. తెలివిగానే ఉంటానని చెప్పాను.

మళ్లీ అన్నీ పరీక్షించాను. చీకటి గదిలో అతినీలలోహిత కాంతి కింద పాత వార్నిష్ లేత ఆకుపచ్చగా మెరిసింది. సంతకం మాత్రం దాని మీద నల్లటి మచ్చలా నిలబడింది. ఒర్రిన్ మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ రోజే మ్యూజియం అధికారిణి కార్నీలియా ష్రైవర్ గారికి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఫలితం అందరి ముందు చిత్రం పక్కనే నిలబడి చెబుతానన్నాను. ఆవిడ సంతోషపడి విరాళదారులకు ఆహ్వానాలు పంపారు.

అక్టోబరు రెండో శనివారం మధ్యాహ్నం మ్యూజియం హాలు నిండిపోయింది. ఒర్రిన్‌ను గుమ్మం దగ్గరే ఆపేసినవాళ్లు ముందు వరసలో కూర్చుని ఆపిల్ సైడర్ తాగుతున్నారు. హాలెన్‌బెక్ లేచి ఆ సంతకం అసలుదని, తన పరువు పెట్టి చెబుతున్నానని అన్నాడు. అందరి ముందు ఒక్కటే అడిగాను, సంతకాన్ని నా పద్ధతిలో పరీక్షించవచ్చా అని.

"నిరభ్యంతరంగా. నీ ఇష్టం వచ్చినట్టు పరీక్షించుకో. వాన్ వీ నీకు భయపడడులే" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను సంచిలోంచి దూది చుట్టిన పుల్ల, ద్రావకం సీసా తీశాను. చిత్రంతో పాటే వేసిన పాత రంగు రాయిలా గట్టిపడి ఉంటుంది, ఆ ద్రావకానికి లొంగదు. తర్వాత పూసింది లొంగుతుంది. చిత్రాల వ్యాపారం చేసే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. సీసా చూడగానే హాలెన్‌బెక్ మొహం పాలిపోయింది. సాయం చేస్తున్నట్టు దగ్గరికి వచ్చి నా చెవి దగ్గర వంగాడు.

"ఆపు డెల్ఫైన్. నా బొమ్మ ముట్టుకోకు. ఒర్రిన్ చెప్పిందే నిజం, లంచం సంగతి నేనే పుట్టించా. ఇప్పుడే అందరికీ చెప్తా. నువ్వు మాత్రం తుడవకు" అన్నాడు.

నేను తుడిచాను. ముందు 'వీ' పోయింది, తర్వాత 'వాన్', తర్వాత 'గిడియన్'. దూది నల్లబడింది. దాని కింద నాచు పచ్చ చెక్కుచెదరలేదు. ముందు వరస వైపు దూది ఎత్తి చూపించాను. ఎవరూ నవ్వలేదు. హాలెన్‌బెక్ కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు, కుర్చీ దొరకలేదు.

తన సొత్తును తన మాట కాదని పాడుచేశానని అతని ఫిర్యాదు. ఆపమని చెవిలో చెప్పానంటున్నాడు. ఇంకేం చెప్పాడో ఫిర్యాదులో లేదు. ఆ మాటలు మా ఇద్దరికి తప్ప ఎవరికీ వినపడలేదు. అతనేమన్నాడో వినలేదని చెప్పమంటాడు మా లాయరు. అందరి ముందు ఇచ్చిన అనుమతే నిలుస్తుందట, కేసు కొట్టేస్తారట.

నేను విన్నాను. ప్రతి మాటా విన్నాను. అతను చెబుతానన్నది చెప్పనిచ్చి ఉంటే ఒర్రిన్ పేరు నిలబడేది, సంతకం కూడా అలాగే ఉండేది. నాకది చాలలేదు. విన్నాకే తుడిచాను. ఇప్పుడు వినలేదని రాయిస్తే, ఒర్రిన్ నిజం చెప్పాడని హాలెన్‌బెక్ నోట వచ్చిన మాట కూడా పుట్టనట్టే పోతుంది. శిక్ష పడితే పడనివ్వండి. ఆ మాట మాత్రం కోర్టులో, అతను ఎదురుగా నిలబడి ఉండగా, గట్టిగా చదవాలి.

రాసినదంతా డిటెక్టివ్ గారు నాకు చదివి వినిపించారు. ఇందులో నాకు తెలిసి అబద్ధం లేదు, ఎవరి బలవంతమూ లేదు. మార్చవలసింది కూడా ఏమీ లేదు.

(సంతకం)
డెల్ఫైన్ ఓస్టర్‌హౌట్