అక్రోట్లు తగలని టోపీ

చదువు ముసలితనంలో నేర్చుకున్నాను. అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. ఈ కాస్త రాయడానికే పొద్దంతా పట్టింది. కొత్త ఏడాది పండగ యెన్నాయర్ ముందురోజు, మనవరాలికి ఎర్ర ఊలుతో టోపీ అల్లుతుంటే కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది.

“అదేమిటత్తయ్యా, టోపీయా, తలకు పరుపా?”

“రెండు పొరలు వేశానమ్మా. ఏడాదంతా కలిసిరావాలని పండక్కి పిల్లని పళ్ళెంలో కూర్చోబెట్టి నెత్తిన మిఠాయిలూ అక్రోట్లూ పోస్తాం కదా, దెబ్బ తగలకూడదని.”

“కూర్చోబెడితే కదా! నా పిల్లని కూర్చోబెట్టనని మొన్ననే చెప్పాను.”

“మీ ఆయన్నీ ఇదే పళ్ళెంలో కూర్చోబెట్టాం. ఏమైంది?”

“ఆయన్ని రోజూ చూస్తున్నాగా. అందుకే భయం.”

“నోరు చూడు! ఇంటికి మొదటి మనవరాలు. ఆ పళ్ళెం ఖాళీగా ఉంటే ఏడాదంతా నా మనసు కుదురుగా ఉండదే.”

“అయితే ఆ టోపీ మీరు పెట్టుకోండి. ఒక అక్రోటు వేసి చూస్తాను.”

“నా తలకు పడుతుందా ఇది?”

“నడినెత్తిన నిలిస్తే చాలు. కదలకండి... తగిలిందా?”

“పిచ్చుక వాలినట్టుంది.”

“మరి కళ్ళెందుకు మూసుకున్నారు?”

“నువ్వు గురి చూసిన తీరుకి.”

“సరే, కూర్చోబెడదాం. కానీ పోసేది నేనే.”

“అయ్యో, ఇంట్లో పెద్దవాళ్ళే పోయాలమ్మా.”

“దానికింకా కూర్చోవడమే రాదు. పెద్దవాళ్ళు పళ్ళెంలో కూర్చుని ఒళ్ళో పెట్టుకోవాలి.”

“నేనా? పళ్ళెంలోనా?”

“పట్టకపోతే పక్కింటివాళ్ళ పెద్దది తెస్తాను.”

“సరే, నువ్వే పొయ్యమ్మా. ముందు ఆ బుట్టలో ఊలు ఇంకా ఉందేమో చూడు.”

“ఎందుకు?”

“నాకూ ఒక టోపీ కావాలి.”

— రహ్మూనా, డెబ్బై ఒక్క ఏళ్ళు. ఇప్పుడు తిలిమ్సాన్‌లో, కొడుకు, కోడలి దగ్గర.