షెడ్డు కాడ బల్బు

ఏమప్పా చక్రీ, సోలారు ప్లేట్లు బిగించేది అయిపోయెనా? ఇంక ఆ పాత కరెంటు వైరూ బల్బూ తీసెయ్యాలంటావు. తీద్దువులే, ముందు ఈ మజ్జిగ తాగు. తాడిపత్రి నుండి ఇంత దూరం పనికొచ్చినావు, ఎండకి పడిపోతే మీ అమ్మకి నేనేం చెప్పేది. మోటారు షెడ్డు కాడ ఆ బల్బు మా ఆయన కట్టినాడు, వరదప్ప. పోయి ఎనిమిదేండ్లాయె. మోటారుకి కరెంటొస్తే అది వెలగాల, ఇంటికాడ నుండి నేను చూసి "ఏమయ్యా, కరెంటొచ్చె" అని కేకెయ్యాల, ఆయన పరిగెత్తి పోయి మోటారెయ్యాల. అదీ మా సంసారం. సంగటి ముద్ద నోట్లో ఉన్నా లేచేవాడు. ఎండాకాలమొస్తే డ్యాముల్లో నీళ్లు లేవు, కరెంటు కోత అనేవాళ్లు. వానలు పడి డ్యాములు నిండితే కరెంటు ధారాళం, అప్పుడు మడికి నీళ్లెవరికి కావాల? "ఎండేటప్పుడు రాదు, మునిగేటప్పుడు వస్తాది, ఇదేం న్యాయమే అంజనమ్మా" అని నా మీద అరిచేవాడు, నేనేదో డ్యాముకి బీగమేసి తాళంచెవి కొంగున కట్టుకున్నట్టు.

ఆయన పోయిన ఏడు టమేటా పూత మీదుండాది. ఆయనకి జ్వరం. బల్బు వెలిగె, మనిషికి అప్పుడే నిద్ర పట్టుండాది. పడుకోనీలే అని లేపలేదు. గంటకే కరెంటు పోయె. లేచి చూసి, "నిన్ను నమ్మితే ఇంతే" అనె. ఆ మాటతో మంచం తీసుకుపోయి షెడ్డు కాడే వేసుకున్నాడు. తిండి కూడా ఆడికే. నాకూ రోషమొచ్చె. నాలుగో రోజు మధ్యాన్నం బల్బు వెలిగె, మోటారు సద్దు లేదు. చూసినానప్పా, చూసినాను. నన్ను నమ్మని మనిషికి నేనెందుకు కేకెయ్యాల అని రాగులు చెరుగుతా కూర్చున్నాను. చెరిగేదయినాక పోయి చూస్తే ఏముండాది, మంచం మీద మనిషి చల్లబడిపోయుండాడు. కేకేసుంటే లేచేవాడేమో. డాక్టరు ఏమేమో చెప్పె, నాకవేవీ ఎక్కలేదు.

అప్పటి నుండి వెలిగినప్పుడంతా కేకేసి, నేనే పోయి మోటారేస్తా ఉండాను. ముసలిదానికి మతి చెడిందంటారు, అననీ. ఇప్పుడు నీ సోలారొచ్చె, ఎండ ఎంత కాస్తే అన్ని నీళ్లు. ఆయన అడిగిన న్యాయం ఇదే కదా. చెప్పేదానికి మనిషి లేడు. తీసెయ్ నాయనా, నీ పని నువ్వు చెయ్యాల. ఒకటే అడిగేది. తీసినాక వచ్చి నాకు చెప్పొద్దు. గమ్మున బండెక్కి పో. రేపు నేను అటువైపు చూస్తాను. వెలగలేదంటే, ఈ పొద్దు కరెంటు రాలేదులే అనుకుంటాను.