వేదిక మీదికి రాని కేక

అరిచారమ్మా! ఒట్టేసి చెబుతున్నాను, మిమ్మల్ని మెచ్చుకుంటూ జనం గొంతులు బొంగురుపోయేలా అరిచారు. 'ఓల్‌సీగూ!' అని, 'చోతా!' అని. ముందు వరసలో ఒక పెద్దాయనైతే లేచి నిలబడిపోయాడు. మీకు వినబడలేదు, అంతే.

ఊహూఁ, ఓదార్చడానికి చెప్పడం లేదు. ఓదార్చేవాడి మొహమేనా ఇది?

కూర్చోనివ్వండి, బొక్‌సున్ అమ్మగారూ. బార్లీ టీ వద్దు. మీ చేతి టీ తాగడానికి నాకేం అర్హత... సరే, వద్దు.

మన జొంజులో, పాన్సోరి కథాగానం కోసమనే కట్టిన కొత్త హాలు. శనివారం ప్రారంభం. మీరు పాట సగంలో ఆపేశారు. మీ జీవితంలో మొదటిసారి! పాడేటప్పుడు పట్టుకునే మడత విసనకర్ర మూసి, వంగి దండం పెట్టి, లోపలికి వెళ్లిపోయారు. 'జనానికి నేను మొహం మొత్తాను, ఇక పాడను' అన్నారట, డోలు కొట్టే తక్ గారితో.

అనరూ మరి? పాడేది మీరు, డోలు ఆయనది, ఊపిరి జనం కేకది. ఆ కేక అందకపోతే తర్వాతి చరణం ఎలా లేస్తుంది? అంతమాత్రం నాకు తెలియదా? ఈ ఊళ్లో పుట్టినవాణ్ని!

తెలిసే చేశానమ్మా.

ముప్పై ఏళ్లు పియానోలకీ వయొలిన్లకీ హాళ్లు కట్టించాను. అక్కడ దగ్గినా పాపమే. జనం చప్పుడు మింగేసే గోడలు కట్టిస్తాననే నాకు పేరు. ఇక్కడా అదే చేశాను. మీ గొంతు చివరి వరసదాకా పోవాలి, వాళ్ల చప్పుడు వాళ్ల దగ్గరే చచ్చిపోవాలి. వెనక గోడంతా ఉన్ని పలకలు పరిపించాను. రికార్డింగు ఎంత శుభ్రంగా వస్తుందో అని మురిసిపోయాను కూడా.

రిహార్సల్లో తక్ గారు కర్ర కింద పెట్టి, 'ఏమోయ్, మమ్మల్ని పరుపుల కొట్లో కూర్చోబెట్టావా?' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. 'జనం నిండితే సర్దుకుంటుంది గురువుగారూ' అన్నాను.

జనం నిండితే ఇంకా మింగేస్తుంది. ఒంటి మీది బట్టలు కూడా చప్పుడు తాగుతాయి. నా చదువులో మొదటి పాఠం అది.

ప్రారంభం మర్నాడు విలేకరి అడిగాడు, ఆవిడ ఎందుకు ఆపేశారని. 'వయసు కదండీ' అన్నాను.

ఇదిగో, ఇది తెచ్చాను. శనగగింజంతే. చెవిలో పెట్టుకుంటే జనం కేకలు మైకులోంచి తిన్నగా మీకు వినిపిస్తాయి. జుట్టు కింద ఎవరికీ కనబడదు. వచ్చే నెల మళ్లీ పాడండి.

గోడా? నిజమే, ఆ పలకలు ఊడదీస్తే చాలు. ఊడదీయాలంటే తప్పు నాదని పైవాళ్లకి చెప్పాలి. క్వాంగ్జులో కట్టబోయే హాలు ఎవరికివ్వాలో ఈ నెలలోనే తేలుస్తారు.

అదీ సంగతి. క్షమాపణకి రాలేదమ్మా. నా తప్పు మీ చెవిలో దాచుకోవడానికి వచ్చాను.

తిట్టండి. ఆ వస్తువు తీసి నా మొహాన కొట్టండి. అమ్మా?

ఏదో ఒకటి అనండమ్మా. మీరిలా చూస్తూ ఊరుకుంటే నాకు మాట పెగలడం లేదు...

శనివారం మీకూ ఇలాగే అనిపించిందా?